కీర్తన టిఫిన్ డబ్బా

నాచారంలో చర్చి వెనక గదికి 'కౌన్సెలర్ ఎబినేజర్' అని బోర్డు తగిలించిన నాటి నుంచి ఆయనకు వచ్చేవి సగం పొరపాటు బేరాలే. "కౌన్సిలర్ సాబ్, మా గల్లీల మోరీ నిండింది, జర సూడు" అంటూ వచ్చేవారు. "మోరీలు మున్సిపాలిటోళ్లు సూస్తరమ్మా. ఇక్కడ నిండిన కళ్లు మాత్రమే సూడబడును" అనేవాడు.

ఏడ్చేవాళ్లతో పని, నవ్వించడం పద్ధతి. ఓదార్చడమంటే ఓ దారి చూపడమని, ఆ దారిలో నాలుగు గుంతలతో పాటు ఒక జోకు కూడా తగలాలని ఆయన సిద్ధాంతం. పెద్ద చదువులవాళ్లు కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు. ఈయన మాత్రం ఇంటికే పోయి వంటింటి గడప దగ్గర పీట వేసుకుంటాడు. నియమాలు రెండే. పోయినవాళ్ల వస్తువును ఇంటివాళ్లు ముట్టకముందు తాను ముట్టడు. అబద్ధం చెప్పడు.

ఆ రెండో నియమం మీదే వచ్చి కూర్చున్నాడు బిక్షపతి.

బిక్షపతిది అట్టపెట్టెల కంపెనీలో మిషన్ పని. చిలుకానగర్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు. ఒక్కతే కూతురు కీర్తన, ఇరవై రెండేళ్లు, బట్టల షాపులో బిల్లింగు చేసేది. పదిహేడు రోజుల కిందట డ్యూటీ దిగి స్కూటీ మీద ఇంటికొస్తుంటే ఉప్పల్ రింగురోడ్డు దగ్గర టిప్పర్ గుద్దింది. మరునాడు పోలీసులు ఆ పిల్ల బ్యాగు తెచ్చిచ్చారు. అందులో టిఫిన్ డబ్బా ఉంది. మేకుకు తగిలించిన ఆ బ్యాగు జిప్పును తల్లి సాలమ్మ తీయదు, ఎవరినీ తీయనివ్వదు.

ఎందుకంటే ఆ పొద్దున తల్లీకూతుళ్లు కొట్లాడుకున్నారు. రోజూ బెండకాయనేనా అని కూతురు మూతి ముడిచింది. "తింటే తిను, లేకుంటే పస్తుండు" అంది తల్లి. బిడ్డతో ఆమె అన్న ఆఖరి మాట అదే. డబ్బా ఖాళీగా ఉంటే బిడ్డ తిని పోయినట్టు. నిండుగా ఉంటే... ఆ ఆలోచన దగ్గరే సాలమ్మ ఆగిపోయింది. తానూ అన్నం ముట్టడం మానేసింది.

"నేను రెండో నాడే తీసి సూసిన సారూ," అన్నాడు బిక్షపతి, నేల చూస్తూ. "అందరు ఏడుపులల్ల ఉన్నప్పుడు. నిండుగుండె. ఒక్క మెతుకు ముట్టలే."

"మరి?"

"ఖాళీ జేసిన. కడిగి మళ్ల బ్యాగుల పెట్టిన. ఇగ ఆమెతోని మూత తీపియ్యి సారూ. నువ్వు జెప్తె ఇంటది. ఖాళీ సూసుకుంటె మనసు నిమ్మళమైతది. బతుకుతది."

ఎబినేజర్‌కు జోకు అందలేదు. ఎనిమిదేళ్ల కిందట ఆయన భార్య గ్రేస్ దవాఖానాలో మూడు రోజులు నొప్పితో మెలికలు తిరిగి పోయింది. ఆమె తల్లి ఎస్తేరమ్మతో మాత్రం "నిద్రలనే పోయింది" అన్నాడు. ముసలామె ఇప్పటికీ ఆ మాటనే తల కింద పెట్టుకుని పడుకుంటోంది. ఆ అబద్ధం తలగడై పనిచేసినప్పుడు ఇది మాత్రం చేయదా అనిపించింది. సరేనన్నాడు.

ఆదివారం ఆరాధన కాగానే చిలుకానగర్ పోయి, గడప దగ్గర పీట మీద కూర్చున్నాడు.

"చాయ్ పెట్టనా అన్నా?" అంది సాలమ్మ.

"పెట్టు చెల్లె. షక్కర తక్కువెయ్యి. షుగర్ నన్ను ఇడిశిపెట్టదు, నేను షక్కరను ఇడిశిపెట్టను. మస్తు జోడీ."

సాలమ్మ పెదవి ఇంత కదిలింది. చాయ్ తాగడం అయ్యాక ఆయన మేకు వైపు చూశాడు.

"ఆ బ్యాగుల ఏముందనుకుంటున్నవ్ చెల్లె?"

"నా మాట ఉంది," అంది.

"తీసి సూద్దామా? నేను ఈడనే ఉంట. బిక్షపతన్న ఉంటడు."

సాలమ్మ లేచి బ్యాగు దించింది. జిప్పు రెండుసార్లు ఇరుక్కుంది. డబ్బాను ఒళ్లో పెట్టుకుని మూత తీసింది.

ఖాళీ. తళతళ మెరుస్తోంది.

"తిన్నది సూడు!" అన్నాడు బిక్షపతి తొందరపడి. "మొత్తం తిన్నది బిడ్డ."

ఎబినేజర్ తలూపాడు. నోరు విప్పకుండా ఆయన చెప్పిన అబద్ధం అది.

సాలమ్మ డబ్బా అంచు చుట్టూ వేలు తిప్పి, వేలును ముక్కు దగ్గర పెట్టుకుంది. సబ్బు వాసన.

"పుట్టి బుద్ధెరిగినంక ఒక్కనాడన్న డబ్బా కడిగిందా అది?" అంది. గొంతు పెంచలేదు. "మాపటికి నేను మూత దీస్తె మెతుకులు ఎండి అడుగుకు అంటుకోని ఉంటుండె. ఎవలు కడిగిన్రు?"

ఆమె ఎబినేజర్ వైపు తిరిగింది.

"నీకు ఎరుకేనా అన్నా?"

దారి చూపేవాడికి దారి దొరకలేదు.

"ఎరుకే చెల్లె. తప్పు జేసిన."

"నేనే కడిగిన," అన్నాడు బిక్షపతి.

"ఒక్క ముద్ద గూడ తినలేదా?"

"లేదు."

ఆమె గొంతులోంచి వచ్చిన కేకకు పక్కింట్లో టీవీ ఆగిపోయింది. అది ఏడుపులా లేదు.

ఆమె మొగుడి వైపు తిరిగింది. "యాడ పారేసినవ్? కుక్కలకేసినవా నా బిడ్డ బువ్వ?"

"పారెయ్యలే."

"మరేం జేసినవ్?"

"తిన్న."

"ఏంది?"

"డాబా మీదికి పోయి తిన్న. పులిసి వాసనొస్తుండె. బెండకాయ తీగలు సాగుతుండె. బిడ్డ ముట్టని బువ్వ చెత్తల ఎట్లేస్త? చెయ్యి రాలే. అంత తిన్న."

సాలమ్మ మొగుడి మొహం చూసింది.

"కడుపు నొయ్యలేదా?"

"నొచ్చింది. రెండు దినాలు వాంతులైనయ్."

ఆ రెండు దినాలు బిక్షపతి ఇంటి వెనక పడి ఉంటే, బిడ్డ పోయిన దుఃఖంలో తాగి పడ్డాడని చుట్టాలు అనుకున్నారు. సాలమ్మా అదే అనుకుంది.

"నాకెందుకు జెప్పకపోతివి?"

"అందరు నీ దగ్గరనే ఉండిరి గద," అన్నాడు. "నా దగ్గరెవలు లేకుండిరి."

సాలమ్మ డబ్బా కింద పెట్టింది. మోకాళ్ల మీదనే జరిగి వచ్చి మొగుడి కడుపు మీద అరచెయ్యి ఆనించింది. బిడ్డ పోయాక మొదటిసారి బిక్షపతి ఏడ్చాడు, నోరంతా తెరిచి, చిన్నపిల్లవాడిలా.

లేచి పోవాలో కూర్చోవాలో తేలక, ఎబినేజర్ ఖాళీ గ్లాసు పట్టుకుని గడప దగ్గరే ఉండిపోయాడు.