వేడెక్కని కప్పు

మా ఆయన బతుకుతెరువు డబ్బాలు చేయడం. కార్ల డిక్కీల్లో సబ్‌వూఫర్ స్పీకర్లు బిగించడానికి ఫైబర్‌గ్లాస్‌తో చేసే డబ్బాలవి. వచ్చినవాళ్ళ దగ్గర డబ్బా కొట్టుకోవడం మాత్రం ఉచితం. ఆ రోజు మధ్యాహ్నం ఇంటి పక్క షెడ్డులో ఒక తెల్లకారు డిక్కీ తెరిచిపెట్టుకుని కూర్చున్నాం. చక్రం పక్క మూలకు టేపు అంటించి, పైన గాజునార మ్యాటు పరిచి, రెజిన్ అనే జిగురు పూసి ఆ వంపును అచ్చుగా ముందే తీసేశాడు. ఇక ముందువైపు మిగిలింది. స్పీకరు కూర్చునే చెక్క రింగు మీదుగా సాగే గుడ్డ బిగించి, దాన్ని రెజిన్‌తో తడిపితే రాయిలా గట్టిపడాలి. గుడ్డ లాగి పట్టుకునే పని నాది. ముడత పడితే చూపులతోనే కాల్చేస్తాడు కాబట్టి పళ్ళు బిగించి లాగాను.

రెజిన్ దానంతటది గట్టిపడదు. అందులో హార్డ్‌నర్ అనే నీళ్ళలాంటి ద్రవం చుక్కలుగా కలపాలి. అప్పుడు వేడెక్కుతూ గట్టిపడుతుంది. చుక్కలు ఎక్కువైతే కప్పులోనే పొగలు కక్కుతుంది. పెద్ద సీసాతో వంపితే చెయ్యి జారుతోందని ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. మామయ్యకు, అంటే వాళ్ళ నాన్నకు, కంటి శుక్లం ఆపరేషన్ అయ్యింది. ఆయన చుక్కల మందు ఒక సీసా అయిపోగానే దాన్ని కడిగి, ఈయన హార్డ్‌నర్ నింపుకున్నాడు. నొక్కితే ఒక్కో చుక్కే పడుతుందని మురిసిపోయి ఊరందరికీ చూపించాడు. నేను మొదటిరోజే తగువు పెట్టుకున్నాను. అది కంట్లో పడితే చూపు పోతుంది, అచ్చం అలాంటి సీసాయే మామయ్య తల దగ్గర ఉంది, ఏదో ఒకరోజు కొంప ముంచుతావన్నాను. నా పోరు పడలేక సీసా మీద మార్కరుతో ఎర్ర గీత గీశాడు. కారిన హార్డ్‌నర్ ఆ గీతను కూడా తినేస్తుందని మా ఇద్దరికీ తోచలేదు.

ఆ మధ్యాహ్నం కూడా మా ఆయన జేబులోంచి ఆ సీసా తీసి, కప్పులోని రెజిన్‌లో చుక్కలు వేసి, కలపమని నాకిచ్చాడు. నేను కలిపి అందిస్తుంటే, ఆయన బ్రష్షుతో గుడ్డ తడుపుతున్నాడు. మామూలుగా ఈపాటికి కప్పు అరచేతిలో గోరువెచ్చగా తగలాలి. తగల్లేదు. చెబితే, గాలి చల్లగా ఉందిలే అని ఇంకాసిని చుక్కలు వేశాడు. గుడ్డంతా తడిసింది, కప్పు మాత్రం కుండలో నీళ్ళలా చల్లగా అలాగే ఉంది. బ్రష్షు వెంట్రుకలు కూడా బిరుసెక్కలేదు. సీసా లాక్కుని వాసన చూశాను. హార్డ్‌నర్ ముక్కును కోసే ఘాటు. ఇందులో ఏ వాసనా లేదు.

“పొద్దున మామయ్య గదిలోకి వెళ్ళావా?” అని అడిగాను.

ఫ్యాను స్విచ్చు బాగుచేయడానికి వెళ్ళాడట. వంగితే గుచ్చుకుంటున్నాయని జేబులోవన్నీ మందుల అల్మరా మీద పెట్టి, మళ్ళీ సర్దుకుని వచ్చాడట. చెబుతూ చెబుతూనే ఆయన మొహంలో నెత్తురు ఇంకిపోయింది. మామయ్య మధ్యాహ్నం నిద్ర లేవగానే చుక్కలు వేసుకుంటారు. నేను వేస్తానంటే ఒప్పుకోరు. జన్మంతా బస్సు నడిపిన మనిషి, స్టీరింగ్ ఇంకొకరి చేతికివ్వరు. పోనీలే, నాకో పని తగ్గిందని నేనూ ఊరుకున్నాను.

షెడ్డు నుంచి ఆ గదికి ఎలా వెళ్ళానో నాకు తెలియదు. మామయ్య మంచం అంచున కూర్చుని ఉన్నారు. చేతిలో సీసా ఉంది. ఆపరేషన్ చేసిన కన్ను ఎర్రబడి నీళ్ళు కారుతోంది.

“వేసుకున్నారా?”

“ఇప్పుడేనమ్మా. వేసుకున్నా.”

సీసా వాసన చూశాను. ముక్కును కోసింది. ఆ కంట్లో నీటిచుక్క పడకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. హార్డ్‌నర్ పడితే క్షణం ఆగకుండా నీళ్ళతో కడుగుతూనే ఉండాలని పెద్ద సీసా మీద ఉంది. కడిగితే ఒక భయం, కడక్కపోతే అంతకన్నా పెద్ద భయం. మంచం పక్క బిందెలో చెంబు ముంచి, ఆయన తల వంచబోయాను. మా ఆయన గుమ్మంలో రెజిన్ చేతులతో గుంజలా నిలబడిపోయాడు.

మామయ్య నా మణికట్టు పట్టుకున్నారు. బస్సు తిప్పిన చెయ్యి, విడిపించుకోలేకపోయాను. ఆయన కొడుకు వైపు చూసి, తల దించుకుని చెప్పారు.

“వేసుకోలేదమ్మా. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఒక్క చుక్కా వేసుకోలేదు. ఎదురుగా లారీ వచ్చినా రెప్ప వేసినవాణ్ణి కాదు. ఆ చుక్క కంటి మీదికొస్తుంటే మాత్రం ప్రాణం పోతోంది. కిటికీ గట్టు మీద పిండేస్తున్నా.”

నమ్మాలా? రోజూ ఇంతే నిమ్మళంగా వేసుకున్నానని చెప్పిన మనిషే ఈయన. ఇప్పుడు నీళ్ళకు భయపడి అబద్ధమాడుతుంటే, ఆ కన్ను నా కళ్ళముందే పోతుంది. చెంబు ఒక చేత్తో అలాగే పట్టుకుని, రెండో చేత్తో కిటికీ తెర లాగాను. గట్టు మీద పాత చుక్కల మరకలు ఎండి ఉన్నాయి. వాటి మధ్య ఒకటి ఇంకా తడిగా ఉంది. దాని చుట్టూ ఆకుపచ్చ పెయింటు ముడతలు పడింది. గోటితో తాకితే మీగడలా లేచి, కింద చెక్క కనబడింది.

చెంబు కింద పెట్టి అక్కడే కూలబడి ఏడ్చాను. కోపంతో ఏడ్చానో, బతికిపోయామని ఏడ్చానో నాకే తెలియదు. కళ్ళు తుడుచుకున్నాక ఇద్దరినీ కలిపి తిట్టాను.

వెంటనే తీసుకెళ్తే, కన్ను ఎర్రబడింది మందు పడకే అని డాక్టరు తేల్చాడు. ఇంకొన్నాళ్ళు ఇలాగే గడిస్తే చూపు దక్కేది కాదన్నాడు. మా ఆయన ఆ చిన్న సీసాను గునపంతో గొయ్యి తీసి పాతిపెట్టాడు. కంటి మందు తాగిన గుడ్డ ఎంతకీ గట్టిపడక జిగురు కారుతుంటే, చింపి పారేశాడు. ఈసారి కొలగిన్నెతో కొలిచాడు, డబ్బా మాత్రం కొట్టుకోలేదు.

ఆ సాయంత్రం కొత్త మందు సీసా సీలు నేనే విప్పాను. మామయ్య వెల్లకిలా పడుకుని, దుప్పటి అంచును రెండు పిడికిళ్ళతో పట్టుకుని, కన్ను తెరిచి ఉంచారు. సీసా కంటి మీదికి తెచ్చి మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. లేచి వెళ్ళి, కిటికీ గట్టు మీద పెయింటు లేచిన చోటు పక్కనే ఒక చుక్క పిండి, చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

“ఏమయిందమ్మా?” అని మంచం మీంచి అడిగారు.

“ఏమీ కాలేదు మామయ్యా,” అని వెనక్కి వచ్చాను. “రెప్ప వేయకండి.”