ఆడవాళ్లకు అన్నీ సున్నాలే

నేను ఒక ప్రశ్నల అట్టను. పట్నంలోని ఓ ప్రెస్సులో పుట్టి, ప్లాస్టిక్ తొడుగు వేయించుకుని, ఈ ఆసుపత్రిలో ఆపరేషన్‌కు ముందు రోగుల్ని చూసే గదికి చేరాను. నా ఒంటిమీద పది ప్రశ్నలు. మందు తాగుతారా, ఎన్నాళ్లకోసారి, ఎంత, ఇలాంటివి. జవాబును బట్టి మార్కులు. ఎనిమిది వస్తే డాక్టరుకు చెప్పాలి. రోజూ తాగేవాళ్లు ఆపరేషన్ పేరుతో ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికొస్తుంది మరి.

మగవాళ్లను అడిగితే, "ఎప్పుడన్నా పెళ్లిళ్లకేనండీ" అంటారు. వాళ్ల ఊళ్లలో ఆషాఢంలో కూడా పెళ్లిళ్లే కాబోలు! అయినా వాళ్లను అడిగేవారు. ఆడవాళ్లను అడిగేవారు కాదు. సిస్టర్ ఎస్తేరు పొద్దున్నే వాళ్ల కాగితాలన్నిటికీ వరసగా సున్నాలు చుట్టేసేది. నేను బల్లమీద బోర్లా పడి ఉండేదాన్ని. అప్పుడు నాకెంత ఒంటరిగా ఉండేదో చెప్పలేను.

ఒకరోజు హైమావతి టీచరు వచ్చారు. పిత్తాశయంలో రాళ్లు. తోడెవరూ లేరు. ఎస్తేరుకు చిన్నప్పుడు ఎక్కాలు నేర్పింది ఆవిడే. ఎస్తేరు లేచి కుర్చీ వేసి, బీపీ చూసింది. టీచరు నన్ను తిరగేసి, మొదటి ప్రశ్నమీద వేలు పెట్టారు.

"ఇవి అడగాలి కదమ్మా?"

"అయ్యో, మిమ్మల్నా టీచర్! ఇవన్నీ తాగుబోతులకండీ," అని ఎస్తేరు నన్ను లాక్కుంది.

టీచరు నావైపే చూస్తూ లేచి వెళ్లారు. నాకు నోరుంటే అరిచేదాన్ని.

ఆపరేషన్ బాగానే అయిందట. మూడోనాడు మొదలైంది. ఒళ్లంతా వణుకు, ఎప్పటి పిల్లలకో మంచంమీంచే హాజరు పిలవడం, ఆపైన ఫిట్స్. కాగితంలో సున్నా ఉంది కాబట్టి డాక్టర్లు ఇన్‌ఫెక్షన్ కోసం రెండు రోజులు వెతికారు. చివరికి పెద్ద డాక్టరు మా గదికే వచ్చాడు.

"ఈ సున్నా అడిగే వేశారా?"

ఎస్తేరు తల వంచుకుంది. "అడగలేదు సార్."

వైద్యం మార్చారు. టీచరు బతికారు. తెలివొచ్చాక ఎస్తేరు నన్ను పట్టుకుని ఆవిడ మంచం పక్కన కూర్చుంది. పది ప్రశ్నలూ అడిగింది. టీచరు దేనికీ తడుముకోలేదు. ఇరవై ఎనిమిది మార్కులొచ్చాయి.

"ఆ రోజే చెప్పొచ్చు కదా టీచర్?" ఎస్తేరు ఏడ్చేసింది.

"నా అంతట నేను చెప్పుకోలేనే తల్లీ. నువ్వడుగుతావు కదా అని, బస్సులో వస్తున్నంతసేపూ జవాబు వల్లె వేసుకుంటూనే వచ్చాను."