గొంగడి హంతకుడు

కథ ప్రకారం నాగరాణి పరుగెత్తి, ఉత్తపుణ్యానికి బోర్లాపడి, ముసుగు హంతకుడి చేతిలో చచ్చిపోవాలి. ఆ పిల్లేమో పడనంటే పడనని కూర్చుంది.

"గుట్టలల్ల గొర్లెంబడి ఉరికినదాన్ని. గీ సాపుజాగల ఎట్ల పడ్తనన్నా?" అని నవీన్‌కుమార్‌ను నిలదీసింది.

నవీన్‌కుమార్ రామన్నపేటలో పెళ్లిళ్లకు వీడియోలు తీసే మనిషి. ఇప్పుడు యూట్యూబ్ కోసం భయపెడుతూనే నవ్వించే సినిమా ఒకటి మొదలుపెట్టాడు. ముసుగు హంతకుల సినిమాల్లో ఉండే తిక్క పద్ధతులన్నిటినీ వెక్కిరిస్తానని ఊరంతా చెప్పుకున్నాడు. తీరా తీసేటప్పుడు మాత్రం వాటిలో ఒక్కదాన్ని వదిలితే ఒట్టు.

"ఫోన్‌ల సిగ్నల్ లేదని ఏడువాలె," అన్నాడు.

"గుట్ట మీదనే మస్తు సిగ్నలొస్తది."

"సరే, నలుగురు నాలుగు దిక్కులు ఉరకాలె."

"మా తాన ఒక్క పాము కనపడితే ఊరంత కట్టెలు పట్టుకొని వస్తది. హంతకుడొస్తే ఇడిపోతరా ఎవలన్న?"

నవీన్ తల పట్టుకున్నాడు. పక్కనే బండమీద కూర్చున్న హంతకుడు మాత్రం ఉలకలేదు, పలకలేదు. ఒంటినిండా నల్ల గొంగడి, తలకు గోనెసంచి ముసుగు, చేతులకు తొడుగులు, ఒళ్లో అట్టతో చేసిన గొడ్డలి. హుజూర్‌నగర్ నుంచి వచ్చిన బెంజమిన్ అట. షూటింగ్ అయ్యేదాకా ముసుగు తీయడనీ, మాట్లాడడనీ నవీన్ ముందే చెప్పాడు. నటులకు ఇలాంటి పిచ్చి ఉంటుంది కాబోలని నాగరాణి సరిపెట్టుకుంది.

నిజానికి రెండు రోజులుగా ఆమె మనసు విప్పి మాట్లాడింది అతనితోనే. నోరు మెదపని మనిషికి ఏం చెప్పుకున్నా బయటికి పొక్కదు కదా! ఆ మధ్యాహ్నం కూడా తన జొన్నరొట్టెలో సగం తుంచి అతని చేతిలో పెట్టింది.

"ఇంట్ల కంప్యూటర్ క్లాసుకని చెప్పొచ్చిన బెంజమినన్నా. మా బాపుకు ఎరుకైతే ఇగ గడప దాటనియ్యడు, నా సినిమా గీడికే ఖతం. నువ్వు ఉత్త హంతకునివి, అసలోడు మా బాపు. ఆయన చెప్పుల సప్పుడైతేనే నా గుండె జారుతది."

హంతకుడు అటు తిరిగి, ముసుగు కిందినుంచే రొట్టె తిన్నాడు. చాలాసేపు తిన్నాడు.

మూడు గంటలకు పరుగు మొదలైంది. కేకలు పెడుతూ నాగరాణి ముందు, గొడ్డలెత్తి హంతకుడు వెనక, కెమెరాతో నవీన్ పక్కన. సరిగ్గా అప్పుడే గుట్ట వెనకనుంచి ఒక గొర్రెలమంద దిగి, ఎవరిదో పత్తిచేనులోకి తలలు పెట్టింది.

హంతకుడు ఠక్కున ఆగాడు. గొడ్డలి పడేసి, చేతులు నోటికి ఆనించి గొంతెత్తాడు.

"హోయ్! అర్ర్‌ర్... దా, దా, దా! హోయ్!"

మంద మొత్తం తలలెత్తింది. చేను వదిలి దడదడా ఉరికొచ్చి హంతకుడి వెనక బారు తీరింది. లోకంలో ఏ హంతకుడికీ అంత బలగం ఉండి ఉండదు. నవీన్‌కు నవ్వాగక కెమెరా ఊగిపోయింది.

నాగరాణికి మాత్రం పైప్రాణాలు పైనే పోయాయి. ఏ మందా పరాయి గొంతుకు కదలదు. ఆ పిలుపు ఆమె పుట్టినప్పటినుంచీ వింటున్నదే. ముందున్న పొట్టేలు మెడలో ఎర్రదారం స్వయంగా తను కట్టిందే. కాళ్లు తడబడి, ఆ చదునునేల మీదే బోర్లా పడింది.

"సూపర్!" అని అరిచాడు నవీన్, బుద్ధిలేక.

హంతకుడు ముసుగు లాగేశాడు. మొహమంతా చెమటతో మల్లప్ప, ఆమె తండ్రి!

"బెంజమిన్‌కు మొన్న పొద్దుగాల్నే తేలు కుట్టింది, నువ్వు రాకముందే," నవీన్ గొణిగాడు. "గొంగడి మనిషి కోసం ఎతుకుతుంటే గుట్టమీద మీ బాపు దొరికిండు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు."

మల్లప్ప మందను బావమరిది ఐలేశానికి అప్పగించి, సినిమాలో కూతురుందని నవీన్ నోటే విని, ఆమెను ఎవరెలా చూస్తున్నారో చూద్దామని వచ్చాడట. ఐలేశం ఏ చెట్టుకింద గుర్రుపెడుతున్నాడో దేవుడికెరుక.

నాగరాణికి తను వాగిన మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. తండ్రి ఒక అడుగు ముందుకేశాడు. ఇక దెబ్బ పడుతుందని కళ్లు మూసుకుని, తలకు చేతులు అడ్డం పెట్టుకుంది.

దెబ్బ పడలేదు. కళ్లు తెరిస్తే మల్లప్ప వేసిన అడుగు మీదే ఆగిపోయి ఉన్నాడు. ఆమె చేతులకేసి నివ్వెరపోయి చూస్తున్నాడు.

"నేనెన్నడన్న నిన్ను కొట్టిన్నా బిడ్డా?" అన్నాడు.

లేదన్నట్టు తలూపింది. నిజంగానే ఎన్నడూ కొట్టలేదు. మరి ఇంత భయం ఎక్కడిదో ఆమెకే అంతుపట్టలేదు.

మల్లప్ప చేతిలోని గోనెసంచి దులిపి మళ్లీ తలకు తొడుక్కున్నాడు. వెళ్లి బండమీద కూర్చున్నాడు.

"గిది ఉంటేనే నాతోని ముచ్చట పెడ్తవు గద," అన్నాడు లోపలినుంచి. "ఇగ చెప్పు బిడ్డా. రేపు మనల ఎన్నింటికి రమ్మన్నరు?"