భిక్షపతి, తండ్రి గోపయ్య

సుగుణమ్మ స్కేలును ఒక్కో పేరు కిందికి జరుపుతూ రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చదువుతోంది. ఒకటి సంఘాల్లో చేరిన నేతగాళ్లది. రెండోది మొన్న వేసవిలో ఇంటింటికీ తిరిగి రాసింది. రెండింటిలోనూ ఉన్న మనిషిని గుర్తుపట్టి జత కలపడమే ఆమె పని. జతలు ఎంత తక్కువైతే, రెండింటికీ చిక్కనివాళ్లు అంత ఎక్కువమంది ఉన్నట్టు లెక్క అని ఆఫీసరు మురళీమోహన్ మొదటిరోజే చెప్పాడు.

"భిక్షపతి, తండ్రి గోపయ్య" దగ్గర స్కేలు ఆగింది.

సంఘం జాబితాలో ఆ పేరు ఆమె భర్తది. నూలు దొరకని ఏడాది భీవండి మరమగ్గాల పనికని వెళ్లి, మళ్లీ కబురు పంపలేదు. పోతూ తన మగ్గం చింతకర్ర పిడి ఒక్కటే విప్పి సంచిలో వేసుకున్నాడు. ఎడమచేతి వాటం మనిషి, ఇంకో పిడి పట్టేవాడు కాదు. రెండో జాబితాలోని భిక్షపతి భువనగిరిలో కిరాయికి ఉంటున్నాడు. ఇంటిపేరు లేదు. వయసు కొంత తేడా. భార్య పేరు రాయాల్సిన చోట గీత కొట్టి ఉంది.

అనుమానం ఉన్నవాటిని వెళ్లి చూసి రావాలి. సాయంత్రానికి లెక్క పైకి పోవాలి. ఆమె బొట్టు సరిచేసుకుని బస్సెక్కింది. దారి పొడవునా సంచి పట్టీని వేలికి చుడుతూ, విప్పుతూ కూర్చుంది. అతనే అయితే ఏమని పలకరించాలో తేలలేదు.

ఇల్లు కిరాయికిచ్చిన అజీజా బేగం గుమ్మంలో బియ్యం ఏరుతోంది. ఎవరి కోసమో విని చేట పక్కన పెట్టింది.

"గాయన లేడమ్మా. పోయిన శుక్రారం దవాఖానల పానమిడిసిండు. నా అన్నోళ్లు ఎవ్వలు రాలే. మా గల్లీవోళ్లే మట్టి చేసిండ్రు. నువ్వేమైతవ్?"

"లెక్కలు రాసేదాన్ని," అంది సుగుణమ్మ. "జర మగ్గం చూస్త."

గదిలో చీర సగం నేసి ఉంది. పోగును అటూ ఇటూ మోసే నాడెను నడిపే తాడుకు చింతకర్ర పిడి. ఎడమ బొటనవేలు ఒరుసుకుని ఒరుసుకుని పడిన గుంటలో ఆమె తన వేలు పెట్టింది.

ఫోను మోగింది. మురళీమోహన్.

"ఏమైంది సుగుణమ్మా? ఒక్కడా, ఇద్దరా? నువ్వెట్లంటే గట్లనే రాస్త."

ఇద్దరని చెబితే ఒక భిక్షపతి ఇంకా భీవండిలో ఎక్కడో నేస్తూనే ఉంటాడు. అడ్డం చెప్పేవాళ్లెవరూ లేరు. ఆమె పిడిని గుప్పిట్లోకి తీసుకుంది. అవతల రెండుసార్లు హలో అన్నాడు.

"ఒక్కడే సారు. జత కలుపుండ్రి."

వాకిట్లోంచి వింటున్న అజీజా బేగం మెల్లగా లోపలికి వచ్చింది. సుగుణమ్మ చేతిని, పిడిని చూసింది.

"తీస్కపో బిడ్డా."

"వద్దు. చీర సగంల ఉంది. ఎవలన్న కూసుంటే కావాలె."

ఆమె వదిలాక చింతకర్ర పిడి సగం చీర మీద కొద్దిసేపు ఊగుతూనే ఉంది.