తిరగేసిన మూత

పాలవ్యాను బావ మలుపులో బ్రేకు తొక్కి, రెండుసార్లు హారను కొట్టి, కిటికీలోంచి చెయ్యి బయటికి చాపాడు. చేతిలో పాత కళ్ళజోడు, కొత్త అద్దాలతో. అవతలి ఊళ్ళో బాగు చేయించుకురమ్మని ఈ ఊరి ముసలాయన ఒకాయన పోయినవారం ఇచ్చాడు. ముసలాయన దాన్ని పెట్టుకుని ముందు వ్యానుని చూశాడు, తర్వాత బావ మొహం చూశాడు.

"నువ్వింత ముసలాడివైపోయావేంట్రా" అన్నాడు.

క్యాన్లు ఎక్కిస్తున్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. బావ కూడా నవ్వాననిపించాడు గానీ మనసు అక్కడ లేదు.

అతన్ని అందరూ బావ అనే పిలుస్తారు. వరసకి ఎవరికి బావో ఎవరూ అడగలేదు. పొడుగ్గా, ఎండిపోయిన ఒళ్ళు. కిటికీ వైపు చెయ్యి ఎండకి కమిలి, రెండో చేతికన్నా నల్లగా ఉంటుంది. సీటు గుంటపడిపోతే కింద గోనెపట్టా మడిచి పెట్టుకున్నాడు గానీ కొత్త సీటు కావాలని ఎవర్నీ అడగలేదు. ఏదీ ఎవర్నీ అడిగే రకం కాదు.

ఆ ప్రాంతంలో మూడు జిల్లాలు ఒక గుట్ట దగ్గర కలుస్తాయి. కలవడం పేరుకే, అక్కడికొచ్చేసరికి అన్నీ ఆగిపోతాయి. ఏ జిల్లా బస్సు ఆ జిల్లా చివరి ఊళ్ళోనే వెనక్కి తిరుగుతుంది. తారురోడ్డు కూడా మిగతాది అవతలివాళ్ళు వేసుకుంటార్లే అన్నట్టు గుట్ట కింద ఆగిపోతుంది. మనుషులకి మాత్రం అలా కుదర్లేదు. ఇల్లు ఒక జిల్లాలో, పొలం ఇంకో జిల్లాలో, ఇచ్చిన పిల్ల మూడో జిల్లాలో. మూడింటిలోనూ తిరిగేది పాలవ్యాను ఒక్కటే. అందుకే పాలతోపాటు మందులు, కాళ్ళు కట్టేసిన కోడిపెట్టలు, వియ్యపురాళ్ళ దెప్పిపొడుపులు, చావుకబుర్లు అన్నీ అందులోనే ప్రయాణం చేస్తాయి. దెప్పిపొడుపుల్ని బావ దారిలో కాస్త మెత్తబరిచి మరీ అందిస్తాడు.

నిన్న మాత్రం తన నోటినే మెత్తబరుచుకోలేకపోయాడు.

గుట్ట దాటాక ఆఖరి ఇల్లు అతని అక్కది. మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు, ఒక గేదె ఉంది. చలి మొదలైనప్పట్నుంచీ ఆవిడకి ఆయాసం. ఆ వైపు డాక్టరన్నవాడు లేడు. బావ ఉండేది పాలకేంద్రం పక్కన రెండు గదుల్లో, డాక్టరు వెనకవీధిలోనే. అక్క కోసం ఒక గదికి సున్నం వేయించి మంచం కూడా వేశాడు. రమ్మని రోజూ బతిమాలుతూనే ఉన్నాడు. అక్కది ఉడుంపట్టు. గేదెని ఎవరు చూస్తారంటుంది. నిన్న అతనికి ఒళ్ళు మండి, "అయితే ఆ గేదె దగ్గరే చావు" అని వ్యాను ఎక్కేశాడు.

ఆ మాట రాత్రంతా అతన్ని కొరుక్కుతింది. ఇవాళ ఆవిడ మాత్రలు కొనుక్కొచ్చి స్టీరింగు పక్కన పెట్టుకున్నాడు. అవి చేతికిచ్చి, తప్పైపోయిందని చెప్పి, కాళ్ళావేళ్ళా పడైనా సరే ఒప్పించాలి. ఇంకో చలిగాలికి ఆవిడ తట్టుకోదని అతనికి తెలుసు.

గుట్ట ఎక్కుతూ దారిపక్క రాళ్ళవైపు చూసుకుంటూ పోతున్నాడు. ప్రతి ఇంటి ముందూ ఒక రాయి, రాతి మీద క్యాను. మూత బిగించి ఉంటే పాలున్నట్టు. మూత తిరగేసి ఉంటే ఇవాళ పాల్లేవు, ఆగొద్దు, వెళ్ళిపొమ్మని. అలాంటి చోట బావ హారను కూడా కొట్టడు. ఎండ ముదిరేలోగా కేంద్రానికి చేరకపోతే ఊళ్ళ పాలన్నీ విరిగిపోతాయి.

గుట్ట దిగి మలుపు తిరగ్గానే అక్క క్యాను కనిపించింది. మూత తిరగేసి ఉంది.

అతని కాలు బ్రేకు మీదికి పోయి ఆగింది. అలిగిందన్నమాట. ఇది కొత్తేం కాదు. ఒకసారి పక్కింటావిడ క్యాను ముందు ఎక్కించుకున్నాడని, పాలన్నీ దూడకి వదిలేసి మూత తిరగేసి కూర్చుంది. ఇప్పుడు దిగితే గంటసేపు దులిపేస్తుంది. వెనక క్యాన్లు వేడెక్కుతున్నాయి. ఖాళీ క్యాన్లతో మళ్ళీ ఈ దారినే రావాలి కదా, అప్పటికి చల్లబడుతుందిలే అనుకుని కాలు తీసేశాడు. ఇంటి తలుపు తెరిచే ఉంది.

కేంద్రంలో పాలు దించి, క్యాన్లు కడిగించి, నిలబడే టీ తాగాడు. అక్క గదిలోకి ఒకసారి తొంగిచూసి, దుప్పటి సరిచేసి బయల్దేరాడు.

తిరిగొచ్చేసరికి మూత అలాగే ఉంది. రెండుసార్లు హారను కొట్టాడు. ఎవరూ రాలేదు. మాత్రలు జేబులో వేసుకుని లోపలికి నడిచాడు.

అక్క వెనక వసారాలో గోడకి చేరబడి కూర్చుని ఉంది. తల నున్నగా దువ్వుకుంది. ఉతికిన బట్టలు కట్టుకుంది. ఇంట్లో ఎప్పుడూ వేసుకోని చెప్పులు కాళ్ళకి ఉన్నాయి.

"అక్కా, ఇంక చాల్లే అలక" అన్నాడు.

పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. ఆ చెయ్యి వదలకుండా చాలాసేపు అలాగే కూర్చున్నాడు. పెరట్లో గేదె కట్టుకొయ్య ఖాళీగా కనిపించింది.

హారను విని పక్కింటావిడ వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"పొద్దున్నే గేదెని మా కొట్టంలో కట్టేసింది, ఇక నువ్వే చూసుకో అని. మా తమ్ముడితో వెళ్ళిపోతానంది. మంచిదే కదా అన్నాను. ఆయాసంగా ఉంది, వాడు హారను కొట్టాక లేస్తాను అని ఇక్కడ కూర్చుంది. నేను చేలోకి పోయాను. నువ్వు తీసుకెళ్ళావనే అనుకున్నానయ్యా."

గేదెని ఇచ్చేసింది కాబట్టి పాల్లేవు. పాల్లేవు కాబట్టి మూత తిరగేసింది. అందరిలాగే పద్ధతి ప్రకారం చేసింది, అంతే. అలక అతను కల్పించుకున్నదే. కుళ్ళికుళ్ళి ఏడ్చాడు.

బంధువులకి కబురెలా పంపాలని పక్కింటావిడ అడిగింది. మూడు జిల్లాల్లోనూ ఉన్నారు. ఆ కబురు మోసుకుపోయే బండి అతనిదొక్కటే. రేపు ప్రతి రాతి దగ్గరా ఆగి ఆ మాట తన నోటితోనే చెప్పాలి.

వెలుగుండగానే వ్యానులో అక్కకి చోటు చెయ్యాలని బయటికొచ్చాడు. ఖాళీదే కదా అని రాతి మీది అక్క క్యాను ఒంటిచేత్తో ఎత్తబోతే లేవలేదు. తిరగేసిన మూత తీసి చూశాడు. లోపల అక్క బట్టలు చుట్టలు చుట్టి కుక్కి ఉన్నాయి, సందులో దువ్వెన. అన్నిటికన్నా పైన, గుండీ కుట్టిపెట్టమని అతను ఎప్పుడో ఇచ్చి మరిచిపోయిన చొక్కా.