స్వంత బావి గల మేడ

వెంకటేశ్వర్లు మేడ అమ్మకానికి పెట్టాడు. పెద్ద మార్కెట్టు పక్క సందులోనే, వసారాలో నిలబడితే కొండారెడ్డి బురుజు కనిపించే మేడ. గేటుకు పలక కట్టించి, పెద్ద అక్షరాలతో రాయించాడు: "మొజాయిక్ నేల, కరెంటు పంకాలు, పడకగదికి ఆనుకొని స్నానాలగది, స్వంత బావి."

మొదటి మూడూ ఆయనవే, కాదనను. నాలుగోది చదివేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ బావి వీధిది. మా అత్త కాపురానికి వచ్చేనాటికే ఉంది. ఏటా ఎండాకాలం మగవాళ్లు దిగి పూడిక తీస్తే, ఆడవాళ్లం వరుసగా నిలబడి బురద తట్టలు అందుకునేవాళ్లం. కర్నూలు రాజధాని అయిన ఏడాది ఆఫీసర్లకు ఇండ్లు దొరక్క మైదానాల్లో డేరాలు వేశారు. అదే అదననుకొని వెంకటేశ్వర్లు తన మిద్దె మీద మేడ లేపాడు, బావిని కలుపుకొని చుట్టూ గోడ పెట్టాడు.

"దొరలుండే చోటు గదా సోమక్కా, నలుగురూ వచ్చిపోతాంటే బాగుండదు. వాళ్లు పోతానే గోడ తీసేస్తా," అని నా ఎదుటే చెప్పాడు. ఊరికి రాజధాని వచ్చిన సంబరంలో మేమూ సరేనన్నాం.

రాజధాని హైదరాబాదుకు పోయింది. దొరలు పోయారు. గోడ మాత్రం పోలేదు. ఏరు దాటి తెప్ప తగలేసే మనిషికి ఇచ్చిన మాట ఎక్కడ గుర్తుంటుంది? నేను అడిగినప్పుడల్లా "చూద్దాంలేక్కా" అనేవాడు. ఇప్పుడు బావిని కూడా కలిపి అమ్మేస్తే, కొన్నవాణ్ణి మేం ఏమని అడగాలి?

ఆ ఎండల్లో మేం హంద్రి ఏటి ఇసుకలో చెలమలు తవ్వి, చిప్పతో తోడి బిందెలు నింపుకొనేవాళ్లం. ఒకరోజు పొద్దున అలా వస్తుంటే వాళ్ల గేటు ముందు నీళ్లబండ్లు వరుసగా ఆగి ఉన్నాయి. పీపాలు దింపి లోపలికి దొర్లిస్తున్నారు. నా వెనకే వస్తున్న గంగక్క గోడ సందులోంచి చూసి, నా కొంగు పట్టి లాగింది.

"అక్కా, బావిలో పోస్తాండారే."

ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. గోడ కట్టిన తరువాత ఎవరూ పూడిక తీయలేదు, బావి ఎండిపోయింది. ఆ పూట బద్వేలు నుంచి బేరగాళ్లు వస్తున్నారని వీధంతా తెలుసు. మా పిల్లలు గొంతు తడుపుకోవడానికి గ్లాసు నీళ్లు పంచుకుంటుంటే, ఈ మహానుభావుడు బండ్లకొద్దీ నీళ్లు తెచ్చి బావిలో పోస్తున్నాడు. ఒళ్లు మండిపోయింది. బిందె దించి, వీధిలో ఇంటింటికీ పోయి ఆడవాళ్లందరినీ లేపుకొచ్చాను.

బేరగాళ్లు దిగారు. వేరుశనగ బుడ్డల వ్యాపారం చేసే రెడ్డి, ఆయన భార్య కృష్ణవేణమ్మ. ఆమె నేరుగా బావి దగ్గరికే పోయి లోపలికి తొంగిచూసింది.

"ఊరంతా తోడినా ఒక జాన తగ్గదమ్మా," అన్నాడు వెంకటేశ్వర్లు.

ఆ మాట కోసమే కాచుకొని ఉన్నాను. బిందెతో గేటులోకి అడుగు పెట్టాను. నా వెనక వీధి ఆడవాళ్లంతా.

"ఏమప్పా వెంకటేశ్వర్లూ, నీళ్లు నిండుగా ఉండాయి గదా. తలా రెండు బిందెలు తోడుకుంటాం."

ఆయన గిలకకు అడ్డం రాబోయాడు. కృష్ణవేణమ్మ నవ్వి, "తోడుకోనీండప్పా, దాహానికి కాదంటే పాపం," అంది. ఆయన గబగబా వాళ్లను మేడ ఎక్కించాడు.

మేం తోడాం. పైన ఆయన పంకాలు వేసి, స్నానాలగది తలుపు తీసి చూపిస్తున్నట్టుంది. కింద గిలక ఆగలేదు. చేంతాడు చేతులు మారుతూనే ఉంది. నా అరచేతులు బొబ్బలెక్కినా వదలబుద్ధి కాలేదు, అంత కసిగా ఉంది నాకు.

వాళ్లు దిగి వచ్చేసరికి మా బిందెలన్నీ నిండాయి.

"మేడ బాగుండాది. నీళ్లు రుచి చూడందే ఇల్లు మాట్లాడగూడదని మా అమ్మ చెప్తాండె," అని కృష్ణవేణమ్మ తానే బొక్కెన వదిలింది. అడుగున దబ్బుమంది. లాగితే నల్లటి బురద వచ్చింది. ఆమె బొక్కెనలోకి చూసింది, మా బిందెల వైపు చూసింది, ఆపైన మొగుడి వైపు చూసింది.

"పోదాం పా," అంది.

జట్కా సందు మలుపు తిరిగిందో లేదో వెంకటేశ్వర్లు నా మీదికి వచ్చాడు. "నా నోట్లో మన్ను కొట్టినావు గదే."

"మన్ను యాడికీ పోలేదప్పా, నీ స్వంత బావిలోనే ఉండాది," అన్నాను. "గోడ పడగొట్టు. రేపే మా మొగోళ్లు దిగి ఎత్తిపోస్తారు. లేదంటే ఎవురొచ్చినా ఇట్లే బిందెలు ఎత్తుకొని వస్తాం."

తిడుతూనే లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

సాయంత్రం ఆయన భార్య బిందె పట్టుకొని మా గుమ్మంలో తలవంచుకొని నిలబడింది. బావిలో పోసినవి పోగా వాళ్లింట్లో తాగడానికి చుక్క మిగల్లేదట. నిండా పోసి ఇచ్చాను. ఆమెతో నాకేం పగ?

"ఆయన గడ్డపార వెదుకుతాండాడక్కా," అంది మెల్లగా. "మీ ఇంట్లో ఏమన్నా ఉండాదా?"

ఉంది. నేనే మోసుకుపోయి ఆయన చేతిలో పెట్టాను.