విడాకులు పిల్లతో కాదు

కళ్లజోళ్ల కొట్టులో ఆమె ఒక ముసలాయన ఫ్రేముకు స్క్రూ బిగిస్తోంది. అద్దాల తలుపు తోసుకుని టపాకాయ వచ్చింది. భుజాన బడిసంచీ, చేతిలో బట్టల పెట్టె.

"పిన్నీ, నేనింక అక్కడికెళ్లను" అంటూ స్టూలు మీద కూలబడింది.

నోరు తెరిస్తే పేలుతుంది కాబట్టి టపాకాయ. ఆమె కన్న పిల్ల కాదు, భర్త మొదటి భార్య కూతురు. తల్లి పోయిన ఆ పసిదాన్ని, పాలపళ్లు ఊడడం దగ్గర్నుంచి లెక్కల్లో తప్పడం దాకా, ఈమే సాకింది. పోయినేడు విడాకులయ్యాక భర్త పిల్లను లాక్కుపోయి, తన అక్క ఇంట్లో దింపి, ఊళ్లు తిరిగే ఉద్యోగంలో పడ్డాడు.

మర్నాడే అతను అక్కను వెంటబెట్టుకుని కొట్టు దగ్గరికొచ్చాడు.

"దానికి నువ్వేమవుతావని ఉంచుకున్నావ్?" ఆడపడుచు గొంతు వీధిలోకి వినబడింది. "కన్నావా? పోనీ, ఇప్పుడు మావాడి పెళ్లానివా?"

ఆమె స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేసింది.

"విడాకులు తీసుకుంది మీ తమ్ముడితో వదినా. పిల్లతో కాదు."

వ్యవహారం కోర్టుకెక్కింది. ఆమె తరఫు వకీలు మొహమాటపడలేదు.

"చట్టం దృష్టిలో మీరు ఆ అమ్మాయికి పక్కింటావిడతో సమానం. అడిగితే మొట్టికాయలు పడతాయమ్మా."

"పడనివ్వండి. అడక్కుండా మాత్రం ఊరుకోను."

జడ్జిగారు అందర్నీ తన గదిలోకి పిలిపించారు. "మీకు ఏ హక్కూ లేదని తెలుసా?" అని ఆమెను అడిగారు.

"తెలుసండీ. దానికి జ్వరమొచ్చి నేను మేలుకుని కూర్చున్నప్పుడు హక్కుందా అని ఎవరూ అడగలేదు. ఇప్పుడే అడుగుతున్నారు."

వకీలు తల పట్టుకున్నాడు. జడ్జిగారు టపాకాయ వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. అత్త ఇంట్లో ఏం తక్కువైంది?"

"ఏమీ తక్కువ కాలేదండీ. అక్కడ నేను చుట్టాన్ని. పిలిస్తేనే అన్నానికెళ్లాలి. పిన్ని దగ్గరైతే, పిలవకపోతే పోట్లాడతా."

జడ్జిగారు పదహారేళ్ల పిల్ల మనసు కాదని అక్కడికి పంపలేనన్నారు. మేజరయ్యేదాకా పిన్ని దగ్గరే ఉండొచ్చు. చట్టప్రకారం సంరక్షకుడు మాత్రం తండ్రే. సంతకాలన్నీ ఆయనవే.

వరండాలో ఆడపడుచు ఇంకా తగ్గలేదు. "కాగితం మీద మావాడే!"

"అలాగే వదినా. ఆ కాగితం మీరుంచుకోండి. పిల్లని నేను తీసుకెళ్తా."

అంతవరకూ గోడ చూస్తూ నిలబడ్డ తండ్రి కూతురి దగ్గరకొచ్చాడు. "ఆదివారం రానా?"

"నన్నెందుకడుగుతావ్? ఇల్లు పిన్నిది."

అతనికి ఆమె వైపు తిరగక తప్పలేదు. నేల చూస్తూ అడిగాడు. ఆమెకు వద్దనాలనే అనిపించింది. టపాకాయ ముఖం చూసింది.

"రండి" అంది. "ముందు ఫోన్ చేసి రండి."